రెండు కుసుల గుంజ

మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగో నాడు, బుధవారం, పొద్దు నడినెత్తి మీది నుంచి బారెడు పడమటికి వాలిన వేళ, మా ఇంటి నడుమ నిలబెట్టిన గుంజను ఊడబీకి, తిరగేసి, మళ్లీ నిలబెట్టారు. తేదీ అడగొద్దు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, మా ఇంట్లో ఎవరికీ రాదు. కార్తెలు వచ్చు, వారాలు వచ్చు, పొద్దు చూసి వేళ చెప్పడం వచ్చు. ఆ లెక్క తప్పదు.

ఇన్నేళ్లకు ఈ మాట ఎందుకు ఎత్తుకున్నానంటే, పోయిన నెలలో ఒకడు నవ్వాడు.

మా చెల్లెలి మనవరాలు వేములపల్లిలో ఇల్లు కట్టుకుంటోంది. సిమెంటు ఇల్లే. కానీ ముందు వసారాకు పాత కర్ర గుంజ ఉంటే బాగుంటుందని మనసుపడింది. ఊళ్లో మా పాత ఇల్లు ఎలాగూ పెంకు జారిపోయి, వాసాలకు చెదలు పట్టి ఉంది. "అమ్మమ్మా, ఆ నడిమి గుంజ నాకియ్యవా?" అంటే తీసుకోమన్నాను. మిర్యాలగూడ నుంచి కరెంటు రంపం వేసుకొని ఒక పనివాడు వచ్చాడు. మంచి పనివాడే, పడుచువాడు. గుంజను మెల్లగా దించి, నేల మీద పడుకోబెట్టి, ఈ కొస చూశాడు, ఆ కొస చూశాడు, నవ్వాడు.

"ఏ చాతగాని వడ్లోడు చేసిండమ్మా గిది? రెండు దిక్కులా కుసులు కోసిండు. మీదిదేదో కిందిదేదో తెల్వకనే నిలబెట్టినట్టున్నడు."

కుసి అంటే గుంజ తలకు సన్నగా చెక్కిన మొన. దూలానికి బెజ్జం తొలిచి, అందులో ఈ మొన దూరుస్తారు. గుంజకు పైన ఒక్క కుసి ఉండాలి. మా గుంజకు పైనా ఉంది, కిందా ఉంది. అదీ వాడి నవ్వు.

నా ఒళ్లు మండింది. ఆ వడ్లాయన చాతగానివాడు కాదని చెప్పబోయాను. డెబ్బై ఏళ్లుగా చెప్పని మాట నోట్లోంచి అంత తేలిగ్గా రాదు. వాడు రంపం చేతికి తీసుకొని, "కింది కుసి కోసేస్తనమ్మా, నున్నగైతది" అన్నాడు. "కొయ్యొద్దు" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "రాసిస్తా, చదువుకో" అన్నాను. వాడు మళ్లీ నవ్వాడు. ముసలమ్మకు రాత ఏంటనుకున్నాడేమో. యాభై దాటాక మనవడి పలక మీద దిద్దుకున్న అక్షరాలు నావి. ఒత్తులు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మా ఊరు మూసీ ఒడ్డున ఉంటుంది. మూసీ పోయి కృష్ణలో కలిసే వాడపల్లి మాకు నడిచిపోయేంత దూరం. నేను చెప్పే ఎండాకాలానికి రెండేళ్ల కిందట మా ఊరు కాలింది. తుపాకులు పట్టుకొని వచ్చినవాళ్లు కాల్చారు. ఎవరు, ఎందుకు అన్నది ఈ తట్టు పెద్దలందరికీ తెలుసు, నేను మళ్లీ తవ్వను. వాడపల్లి దగ్గర పుట్టి ఎక్కి కృష్ణ దాటి, అవతల చుట్టాల ఊళ్లో ఏడాదికి పైగా తలదాచుకున్నాం. రాజ్యం మారింది, ఇక రావచ్చునని కబురొచ్చాక తిరిగొచ్చాం.

వచ్చి చూస్తే ఇల్లు లేదు. మట్టి గోడలు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. వంటింటి చోట ఆముదం చెట్టు మొలిచి నాకంటే పొడుగైంది. వానకు తడిసిన పొయ్యి వాసన తెలుసు కదా, ఊరంతా అదే వాసన. అమ్మ ఏడవలేదు. పొయ్యి ఉండిన చోటు కాలితో గీరి, మూడు రాళ్లూ అక్కడే ఉన్నాయా లేదా అని చూసింది. ఉన్నాయి. ఆ పూటే వాటి మీద జొన్న గటక వండింది. చింతచిగురు దూసి పచ్చిపులుసు చేసింది. అంత రుచి గటక నేను మళ్లీ తినలేదు. ఆకలి రుచో, మా ఊరి రుచో చెప్పలేను.

అమ్మ అప్పటికి కడుపుతో ఉంది. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయారు. ఒకడు పాత ఇంట్లో పురిట్లోనే. ఒకతి ఏటి అవతల, పరాయివాళ్ల వసారాలో, మూడో రోజు. అమ్మ వాళ్ల గురించి మాట్లాడేది కాదు. ఊళ్లో అడుగుపెట్టిన రోజు నాయనతో ఒక్కటే అన్నది.

"ఈసారి పుట్టేది మన ఇంటి కింద పుట్టాలె. చెట్టు కింద వద్దు, ఒకల సాయిబాన కింద వద్దు. వానలకు ముందల ఒక్క అర్ర లేపు, చాలు."

మృగశిర వానలకు మూడు నెలలు ఉంది. నాయన చేతిలో గడ్డపార ఉంది. అంతే, ఇంకేమీ లేదు.

ఆ ఏడు మా ఊళ్లో కొత్త కర్ర అనేదే లేదు. కాలినదీ, విరిగినదీ, కూలినదీ, ఏది దొరికితే దానితో ఇళ్లు లేచాయి. ఒకరి గడప పాత బండి కాడి. ఒకరి కిటికీకి బండి చక్రపు ఆకులే ఊచలు. బావి కూలిపోయిన వాళ్లు నీళ్లు తోడే మోట గుంజలు తెచ్చి తలుపులకు పెట్టారు. పిల్లలం మేము బూడిదలో మేకులు ఏరేవాళ్లం. గుప్పెడు మేకులు తెస్తే వడ్ల తాత తన సంచిలోంచి బెల్లం ముక్క పెట్టేవాడు. తెచ్చిన మేకులే దొంగిలించి మళ్లీ తెచ్చి ఇచ్చి, రెండుసార్లు బెల్లం తిన్నాం. మూడోసారి తెస్తే, "ఈ వంకర మేకును నేను గుర్తుపట్టిన, ఇది నాకు చుట్టమే" అని చెవి మెలిపెట్టాడు.

వడ్ల తాత అంటే మా ఊరి వడ్రంగి. మా నాయనమ్మకు వరసకు మరిది, అందుకని నాకు తాత. ఊరు కాలిన పూట అందరూ గింజలూ గిన్నెలూ మోసుకొని పరిగెత్తితే, ఆయన కర్ర చెక్కే బాడిస, ఉలులు, రంపం గోనెలో చుట్టుకొని పరిగెత్తాడు. "కుండలు కుమ్మరోడిస్తడు, నా బాడిస ఎవడిస్తడు?" అనేవాడు. తాను బిగించిన కీలు తన బతుకులో ఒక్కటీ వదులు కాలేదని ఆయన గొప్ప. ఆ గొప్ప నిజమే.

నాయన బూడిద తవ్వుతుంటే ఒకనాడు మా పాత ఇంటి నిట్టాడి గుంజ బయటపడింది. ఇంటి నడుమ నిలబడి దూలాన్ని మోసే గుంజను నిట్టాడి అంటాం. నల్లగా, బొగ్గు లాగా, మనిషి బోర్లాపడుకున్నట్టు పడి ఉంది. వడ్ల తాత వచ్చి బాడిస వెనక తట్టుతో కొట్టాడు. ఠంగుమంది.

"పైన కాలింది గానీ లోపల బతికే ఉందిరా" అని బాడిసతో గీయడం మొదలుపెట్టాడు. నల్ల పెళ్లలు రాలాయి, రాలాయి, ఆ తర్వాత ఎర్రటి టేకు కనిపించింది. గుప్పున వాసన వచ్చింది. నూనె వాసన, తోలు వాసన, అడవి వాసన అన్నీ కలిసినట్టు. అన్ని రోజుల తడి బూడిద వాసన తర్వాత ఆ వాసన పీల్చి నాయన నవ్వాడు. తిరిగొచ్చాక నాయన నవ్వడం అదే మొదలు.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"దీని మొదలేది, కొసేది?" అన్నది.

"రెండు దిక్కులా కాలి బొగ్గయింది వదినె. కుసి కూడ కాలింది. కాలిందంతా నేనే కోసేసిన" అన్నాడు వడ్ల తాత.

"మరి ఎట్ల నిలబెడ్తవ్? గుంజ చెట్టు నిలబడ్డట్టే నిలబడాలె. వేరు దిక్కు కిందికి, కొమ్మ దిక్కు మీదికి. తలకిందులు పెట్టిన ఇంట్ల పసిబిడ్డ నిలవదు మరిదీ. ఇప్పటికే రెండు పోయినయ్."

అమ్మ పక్కనే తల వంచి జొన్నలు చెరుగుతోంది, తల ఎత్తలేదు. కానీ చాట చప్పుడు ఆగింది.

"నాకు తెల్వదు గానీ మూసీకి తెలుసు. బండి కట్టురా" అన్నాడు వడ్ల తాత నాయనతో.

మూసీలో మా ఊరి దగ్గర ఎండాకాలం కూడా నడుము లోతు నీళ్లుండే మడుగు ఉంది. గుంజను తాళ్లతో దించి నీళ్లలో వదిలారు. చెట్టు మొదలు దిక్కు కర్ర బరువు, కొస దిక్కు తేలిక. నీళ్లలో వేస్తే బరువు కొస కిందికి దిగుతుంది. ఇదీ వాళ్ల పరీక్ష. గుంజ కాసేపు ఎటూ తేలక ఊగింది. ఆ తర్వాత ఒక కొస, పడుకోబోయే ఎద్దు లాగా, మెల్లగా కిందికి వాలింది. ఆ కొసకు మూరెడు ఇవతల చిలక కన్ను లాంటి ముడి ఒకటి ఉంది. నడుమ నల్లగా, చుట్టూ పచ్చగా. ఆ కన్ను నీళ్లలో మునగడం నేను చూశాను.

"చిలక మునిగింది తాతా!" అని అరిచాను.

అందరూ నవ్వారు. గుంజను ఒడ్డుకు లాగాక వడ్ల తాత జాజు గడ్డ నా చేతికిచ్చాడు. జాజు అంటే గోడలకు పూసే ఎర్రమన్ను.

"మునిగిన కొసకు నువ్వే బొట్టు పెట్టు పిల్లా. నీ తోడబుట్టేది సల్లగుండాలె అనుకుంట పెట్టు. నేను ఉలితోటి గాటు పెడ్దును గానీ తడి కర్రకు ఉలి పెడితే చీలుతది. రెండు దినాలు ఆరనీ. ఆ రెండు దినాలు కావలి నీదే. కుక్క కాలెత్తినా తోలాలె."

ఊరి పెద్దవాళ్ల మధ్య నాకొక పని అప్పజెప్పడం అదే మొదటిసారి. గుంజను పశువుల దొడ్డిలో ఎండకు వేశారు. మొదటి రోజంతా దాని మీదే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. కుక్క వచ్చింది, తోలాను. కోడి వచ్చింది, తోలాను. మా నాయనమ్మ వచ్చి కూర్చోబోతే ఆమెనూ లేపాను.

రెండో రోజు తాటి ముంజలు దించారు.

అంతకంటే చెప్పడానికేమీ లేదు. తాటి చెట్ల వైపు నుంచి పిల్లల కేకలు వినిపించాయి, పోయాను. వేలు పెట్టి గుచ్చితే చివ్వున మొహం మీద చిమ్మే లేత ముంజలు. అయిదు తిన్నాను, ఆరు తిన్నాను. ముంజ బుర్రలతో బండి చేసి ఆడాను. తిరిగొచ్చేసరికి దొడ్డి నిండా గొర్రెలు.

మా గొల్ల మామ ఆ ముందురోజే మందకు బొచ్చు కత్తిరించి, ప్రతి గొర్రె నడ్డి మీదా జాజుతో గుర్తులు పెట్టాడు. ఒంటి మీద బొచ్చు లేక దురద పుట్టి, అవి కనబడ్డ ప్రతిదానికీ ఒళ్లు రుద్దుకుంటున్నాయి. మా గుంజకు రుద్దుకున్నాయి. గుంజ ఈ కొస ఎర్రన, ఆ కొస ఎర్రన, నడుమ ఎర్రన. నా బొట్టు ఎక్కడుందో, గొర్రె బొట్టు ఎక్కడుందో తెలియలేదు.

చిలక కన్ను కోసం వెతికాను. అది అడుగువైపు ఉండిపోయింది. గుంజను దొర్లించే బలం నాకెక్కడిది? ఎవరినైనా పిలిస్తే, కావలి వదిలి ఎక్కడికి పోయావని అడుగుతారు. కుడితి తొట్టిలో గుడ్డ ముంచి గుంజంతా తుడిచాను. జాజు గడ్డ తీసి ఒక కొసకు పెద్ద బొట్టు పెట్టాను. ఇదే అయి ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవడమే.

మర్నాడు వడ్ల తాత వచ్చి, నా బొట్టు చూసి, "శభాష్, మంచిగ కాసినవ్" అని బెల్లం పెట్టాడు. తిన్నాను. బొట్టున్న కొస కిందికి అనుకొని, రెండో కొసకు కుసి కోశాడు.

దూలం కోదాడ నుంచి వచ్చింది. మా మేనమామ ఆ దిక్కువాడు. తన పాత కొట్టం దూలం ఊడదీసి, బండి మీద రెండు రోజులు తోలుకొచ్చాడు. ఆయన మాట మాకంటే కొంచెం తేడా. దూలం ఎత్తేటప్పుడు, "మెల్లగా పట్టండయ్యా, జారిపోతుంది!" అని అరిచాడు. కింద పట్టుకున్న మా గొల్ల మామ, "మా దిక్కు దూలం 'జారిపోతుంది' కాదు బావా, 'జారిపోతది'!" అన్నాడు. నవ్వుకు చేతులు పట్టు తప్పి దూలం నిజంగానే జారబోయింది. నాయనమ్మ తిట్టిన తిట్లకు అందరూ మళ్లీ పట్టు బిగించారు. పగిలిన రోలు ఒకటి బోర్లించి, దాని మీద గుంజ నిలబెట్టారు. గుంజ కుసి దూలం బెజ్జంలో దిగి టక్కుమంది. వడ్ల తాత కళ్లు మూసుకొని ఆ చప్పుడు విన్నాడు.

వాసాలు వేశారు. కాలిన ఇళ్లలో ఏరిన గూన పెంకు కప్పడం మొదలుపెట్టారు. సగం కప్పు నిండింది. ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక ఆ నీడలోకి దూరి వెల్లకిలా పడుకున్నాను. కొత్త ఇంట్లో మొదట పడుకున్నది నేనే అని మురిసిపోయాను. కళ్లెత్తి చూస్తే, పైన దూలానికి మూరెడు కింద, చిలక కన్ను నన్నే చూస్తోంది.

నీళ్లలో మునిగింది అదే. కింద ఉండాల్సింది అదే.

రెండు రోజులు తిండి సహించలేదు. దిష్టి తగిలిందని అమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నిండు కడుపుతో వంగి ఆమె నా కోసం దిష్టి తీస్తుంటే నాకు చచ్చిపోవాలనిపించింది. మూడో రోజు బుధవారం. పొద్దున్నే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

మేము అప్పుడు దొడ్లో తాటాకు గుడిసెలో ఉంటున్నాం. మంత్రసాని వచ్చింది. అమ్మ నొప్పుల మధ్య, "నన్ను ఇంట్లకు తీస్కపోన్రి, ఇంటి కింద పండుకోబెట్టున్రి" అంటోంది. నాయనమ్మ ఆ సగం ఇంట్లో నేల అలికి, గుంజ పక్కనే చాప పరుస్తోంది.

నేను పరిగెత్తాను. వడ్ల తాత బయట గడప చెక్కుతున్నాడు.

"తాతా, చిలక మీద ఉంది."

"ఏం చిలకనే?"

"ఏట్ల మునిగిన చిలక."

బాడిస ఆగింది. లేచి లోపలికి వెళ్లాడు. తలెత్తి చూశాడు. గుంజ చుట్టూ తిరిగి, దాని మీద అరచెయ్యి పెట్టాడు. బయటికొచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"జాజు నువ్వు పెట్టిందే కదా?"

"మొదలు నేను పెట్టినదాన్ని గొర్రెలు రుద్దినయ్. నేను ముంజలకు పోయిన. మళ్ల పెట్టిన. తెల్వక పెట్టిన తాతా."

కొడతాడనుకున్నాను. నోట్లో పొగాకు తీసి పారేశాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు. నాయనకు చెప్త."

"నోరు మూస్కో. ఆ పుట్టేది నిలవకపోతే, నీ వల్లనే పోయిందని ఊరు నిన్ను బతుకంత అంటది. మీ అవ్వ అంటది. మీ అమ్మ అనకపోయినా మనసుల పెట్టుకుంటది. పాత కర్ర ఎంత బరువేసినా మోస్తది. పచ్చి కర్ర మీద వేస్తే వంకరపోతది, మళ్ల సక్కగ కాదు. నేను పాత కర్రను. తెలిసిందా?"

నాకేం తెలియలేదు. తల ఊపాను.

ఆయన లేచి, గుడిసె దాకా వినబడేలా గట్టిగా అన్నాడు. "తప్పయింది! గుంజ తలకిందులు పెట్టిన. నా చేతుల తప్పు. తిప్పాలె."

పెంకు అందిస్తున్న నాయన చేతిలోది వదిలేశాడు. "ఏం మాట్లాడుతున్నవ్ చిన్నాయనా? సగం కప్పినం. లోపట ఆమె..."

నాయనమ్మ వచ్చి ఆయన మొహం మీదే అడిగింది. "ఇన్నేండ్ల సంది బాడిస పట్టినవ్. మొదలేదో కొసేదో తెల్వదా నీకు? నా ఇంటి మీదనే నేర్చుకుంటున్నవా?"

ఆయన వంగి ఉలులు ఏరుకుంటున్నాడు. మంత్రసాని గుడిసెలోంచి తల బయటపెట్టి, "ఇప్పుడు గుంజ తిప్పుడేంది, ఈడ బిడ్డ తిరుగుతుంటే!" అన్నది. అప్పుడు లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"నేను ఆగుత. తిప్పున్రి."

"నువ్వు ఆగుతవ్ తల్లీ, అది ఆగుతదా?" అన్నది మంత్రసాని.

"నా బిడ్డనే కదా, ఆగుతది" అన్నది అమ్మ.

కేక వేస్తే ఎక్కడివాళ్లు అక్కడి నుంచి వచ్చారు. కూలిన బావి నుంచి రెండు మోట గుంజలు మోసుకొచ్చి దూలం కింద అటొకటి ఇటొకటి ఆనించారు. కింద చీలలు కొట్టి బిగించారు. ఒక్కో దెబ్బకు దూలం వెంట్రుకవాసి లేస్తోంది. పైన పెంకులు కిరకిరమంటున్నాయి. ఒకటి జారి కోదాడ మామ భుజం మీద పడి పగిలింది. "ఇప్పుడేమంటావు బావా, జారిపోతుందా, జారిపోతదా?" అని ఆయనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఆ మాట తలుచుకొని ఏళ్లకేళ్లు నవ్వుకున్నారు.

కుసి బెజ్జంలోంచి ఊడింది. గుంజను పడుకోబెట్టారు. వడ్ల తాత రెండో కొసకు కొత్త కుసి కోశాడు. ఆయన చెయ్యి అంత వేగంగా ఆడడం నేను ఎప్పుడూ చూడలేదు. చెమట ఉలి మీద పడుతోంది. పాత కుసిని కోసేస్తే గుంజ పొట్టిదవుతుంది. అందుకని రోలునూ వెల్లకిలా తిప్పి, పాత కుసిని దాని గుంటలో దింపి, చుట్టూ పెంకు ముక్కలూ బంకమట్టీ కూరారు. అయినా నాలుగు వేళ్లు తక్కువైంది. కోదాడ మామ పోయి, తన బండి చెక్క ఒకటి ఊడదీసి తెచ్చాడు. దానికి నడుమ తొలిచి, గుంజ తలకూ దూలానికీ మధ్య పెట్టారు. మూడు దెబ్బలు. టక్కుమంది. మోట గుంజలు తీశారు. దూలం కదల్లేదు.

చిలక కన్ను కిందికొచ్చింది. సరిగ్గా నా మోకాలి ఎత్తున.

నలుగురు ఆడవాళ్లు అమ్మను చాపతో సహా ఎత్తుకొచ్చి గుంజ పక్కన దించారు. అమ్మ ఒక చేత్తో ఆ గుంజను పట్టుకుంది. దీపం పెట్టే వేళకు మా చెల్లె పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఆ వెంటనే చినుకులు మొదలయ్యాయి. సగం ఇంట్లో పడ్డాయి, సగం ఇంట్లో పడలేదు. పడని సగంలో అమ్మా, చెల్లె ఉన్నారు. బయట వానలో మగవాళ్లు నిలబడి తడుస్తూ నవ్వుతున్నారు. నాయనమ్మ అందరికీ బెల్లం పంచింది. వడ్ల తాతకు పెట్టలేదు. ఆయన తన సంచిలోంచి తీసుకొని తిన్నాడు, నాకొక ముక్క ఇచ్చాడు.

మూడో రోజు గడిచింది. అయిదో రోజు గడిచింది. ఇరవై ఒకటో రోజుకు మిగిలిన కాలిన ముక్కలతో వడ్ల తాత ఉయ్యాల చేసి తెచ్చాడు. మా నాయనమ్మ అప్పటికి మెత్తబడింది. ఊరు మెత్తబడలేదు. "తలకిందుల వడ్లాయన" అన్న పేరు ఆయనకు అతుక్కుపోయింది. పిల్లలు వీధిలో చేతుల మీద నడుస్తూ ఆయనను ఎగతాళి చేసేవాళ్లు. హాలియా దిక్కు ఒక పెద్ద రైతు తన ఇంటి పని ఆయనకని అనుకున్నవాడు వేరేవాళ్లకు ఇచ్చాడు. ఆయన కీలు ఎప్పుడూ వదులు కాలేదు, అయినా ఆ గొప్ప మళ్లీ చెప్పుకోలేదు.

నేను రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి నా పెళ్లికి ముందు ఆయన ఇంటికి పోయి, "ఇప్పుడు చెప్త తాతా, చెల్లె పెద్దగైంది కదా" అన్నాను. "ఇప్పుడు చెప్తే నేను అబద్ధమాడినోడినైత. ఒక పేరు చాలదా నాకు?" అని నవ్వాడు. ఆయన పోయినప్పుడు నేను అత్తగారింట్లో బాలింతను. చివరిచూపు దక్కలేదు.

గుంజ తలకిందులైతే బిడ్డలు పోతారా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. పోరనే నేనూ అనుకుంటాను. కానీ ఆ పొద్దు మా అమ్మ అలా అనుకోలేదు. ఆ అమ్మ కోసం ఒక మనిషి తన పనితనం మీద తానే మన్ను పోసుకున్నాడు, ఊరు ఊరంతా సగం కప్పు కింద తల పెట్టింది. మా చెల్లెకు ఇప్పుడు మనవరాలు, ఆ మనవరాలికి ఇల్లు, ఆ ఇంటికి ఈ గుంజ. గుంజ మళ్లీ నిలబడుతుంది. చిలక కన్ను కిందికే ఉండాలి. మిర్యాలగూడ బిడ్డా, ఇది నీకే చెప్తున్నాను. రెండు కుసులూ ఉండనియ్యి.

ఇంతసేపూ ఎవరి పేరూ రాయలేదు. పేర్లు రాయడానికే కదా ఇదంతా రాసింది. ఆ బుధవారం మా ఇంటి దగ్గర ఉన్నవాళ్లు వీళ్లు. గుడిసెలో నొప్పులు ఆపుకున్నది మా అమ్మ రాములమ్మ. చీలలు కొట్టింది మా నాయన ముత్తయ్య. తిట్టింది, చాప పరిచింది మా నాయనమ్మ బుచ్చమ్మ. మంత్రసాని ఎంకమ్మ. బండి చెక్క ఊడదీసి ఇచ్చింది కోదాడ మామ సీతయ్య. మోట గుంజలు మోసింది గొల్ల మల్లయ్య, ఆయన తమ్ముడు కొమరయ్య, కుమ్మరి నర్సయ్య, చాకలి అంజయ్య. పెంకు మీద నిలబడి జారకుండా పట్టుకున్నది మాదిగ ఎల్లయ్య, ఆయన కొడుకు బాలయ్య. అమ్మను ఎత్తుకొచ్చింది గొల్ల లచ్చమ్మ, చాకలి పోచమ్మ, కుమ్మరి సాయమ్మ, మా చిన్నమ్మ కోటమ్మ. దీపం పెట్టే వేళకు వచ్చింది మా చెల్లె సత్తెమ్మ.

గుంజను సరిగ్గా నిలబెట్టింది వడ్ల సోమయ్య.

జాజు పెట్టింది నేను, నాగమ్మను.